సన్యాసి భార్య

1951 అక్టోబరులో, వానలకు పడవలు ఆగిపోకముందే, తిరుగుబాటు అనుమానంతో తెల్లదొరలు దీవిలో నిర్బంధించిన భర్త సన్యాసిని చూసి రావడానికి సముద్రం అవతల సుంగై సిపుట్ రబ్బరు తోటలోని తెలుగు కూలీ కూర్మమ్మ అనుమతి కోరింది.

“సన్యాసికి పెళ్లామేమిటమ్మా?” అన్నాడు దరఖాస్తు తీసుకున్న తమిళ గుమాస్తా.

“అది పేరు బాబూ! మావోళ్లల్లో ఇంటికో సన్యాసి ఉంతాడు. మాకు పిల్లలే నలుగురు.”

“సన్యాసికి పిల్లలు కూడానా!”

బంధుత్వం పరిశీలనార్హమని రాసి, దరఖాస్తును పై అధికారికి పంపాడు. వానలు వచ్చాయి. పడవలు ఆగాయి.

జనవరిలో వచ్చిన జవాబును గుమాస్తాయే చదివి వినిపించాడు. సదరు వ్యక్తి జ్వరంతో మరణించాడు. సన్యాసి అయినందున, ఆచారం ప్రకారం, దహనం చేయక ఖననం చేయడమైనది. భార్య లేదు గనుక వితంతువు కూడా లేదు.

కూర్మమ్మ చేతులు చూసుకుంది.

“అయితే గాజులు ఉంచుకోమంతారేటి, బాబూ?”