మాటకు మూలం

“అనియత పదవిన్యాసం!” అన్నాడు భాషాపండితుడు, నిధి దొరికినంత సంబరంగా.

“అది పలకడం వచ్చేసరికి పిల్లలకి పెళ్లిళ్లయిపోతాయండీ,” అన్నాడు పెద్దాయన.

సంభావ్యత మీద పాఠం రాసింది పెద్దాయనే. జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఈ పాఠం మన భాషలో పిల్లల చేతికి అందితే చాలని ఆయన ఆశ. అంతా కుదిరింది, ఒక్క మాట తప్ప. ఏ అడుగు ఎటు పడుతుందో ముందే చెప్పలేని నడకకు ఏం పేరు పెట్టాలి?

ఐదింటికి పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి. మాట దొరక్కపోతే పాఠమే తీసేస్తామన్నారు ప్రచురణకర్తలు. నాలుగున్నర దాటింది.

“బయటి దేశాల్లో తాగుబోతు నడక అని కూడా అంటారు,” అన్నాడు పెద్దాయన నీరసంగా.

“పిల్లల పుస్తకంలో తాగుబోతులా! తల్లిదండ్రులు మన వీపు విమానం మోత మోగిస్తారు.”

మూలన కంప్యూటర్ ముందున్న టైపిస్టు తలెత్తింది. నాలుగు రోజుల కిందట చేరిన మనిషి. యాభై దాటిన ఆవిణ్ణి అప్పటిదాకా ఎవరూ పలకరించిన పాపాన పోలేదు.

“తప్పటడుగులు అంటే సరిపోదాండీ?”

పండితుడు నవ్వాడు. “తప్పు అనే అర్థం వస్తుందమ్మా.”

“నడక నేర్చుకునే పాపని చూసి తప్పు చేస్తోందని ఎవరంటారండీ? ఒక అడుగు పడుతుంది. తర్వాతిది ఎటు పడుతుందో తల్లికీ తెలీదు, పాపకీ తెలీదు.”

పెద్దాయన బల్ల చరిచాడు.

“అదీ మాటంటే! ఇన్నాళ్లూ మన నోట్లోనే ఉంది కదయ్యా!”

పండితుడు కూడా చప్పట్లు కొట్టాడు. పాఠం బతికింది. సంతోషం పట్టలేక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

“లెక్కలు చదువుకున్నావా అమ్మా?”

“కొన్నాళ్లు చదివానండీ. మధ్యలో మానేశాను.”

“అయ్యో! నా క్లాసులో ఉండుంటే నెత్తిన పెట్టుకునేవాణ్ణి.”

ఆవిడ చిన్నగా నవ్వింది.

“ప్రతి మాటకీ మూలం రాసి పెట్టాలి మేము. ఇది ఎక్కడ చూశావు?”

“అది ఉన్న కాగితం నా దగ్గరే ఉంది. మీ ఫైల్లో పెట్టి వెళ్తానండీ.”

ఐదింటికి పాఠం ప్రెస్సుకు వెళ్లింది. ఆవిడ బస్సుకు వెళ్లింది. పెద్దాయన తీరిగ్గా కూర్చుని ఫైలు తెరిచాడు.

లోపల ఎప్పటిదో, పసుపెక్కిన పరీక్ష కాగితం. ‘తప్పటడుగులు’ అన్న మాట మీద ఎర్ర సిరా గీత.

పక్కన ‘లెక్కల్లో ఇలాంటి మాటలుండవు’ అని రాసి, సున్నా చుట్టి, కింద పెట్టిన సంతకం తనదే.