బయటికి రండి, డాక్టరమ్మా

ఆ రోజుల్లో లైసెన్సు నిలబడాలంటే ప్రతి డాక్టరూ ఇంట్లో రెండు మరబొమ్మలతో మాట్లాడి మెప్పించాలి. ఒకటి జబ్బుపడ్డ తల్లి, ఇంకోటి ఆమె కొడుకు. విజయనగరం డాక్టర్ హైమ అప్పటికే ఈ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం.

వంటింట్లో హైమ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా పీట మీద ముసలమ్మ బొమ్మ కూర్చుంది. గుమ్మంలోంచి కొడుకు బొమ్మ పిలిచాడు.

"ఓపాలి బయటికి రండి డాక్టరమ్మా. అమ్మకి తెలీకూడదు."

హైమ అలవాటుగా లేచింది. రెండుసార్లూ ఇలాగే లేచి వెళ్ళింది. ఆసుపత్రిలోనూ ఇన్నేళ్ళూ ఇదే వరస. ఈసారి మళ్ళీ కూర్చుంది.

"నువ్వే లోపలికి రా బాబూ," అని ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మీ జబ్బేమిటో మీకు చెప్పమంటారా, వద్దా?"

"ఇన్నాళ్ళకి నన్నడిగినావు తల్లీ. చెప్పు."

హైమ క్యాన్సరని చెప్పింది. బొమ్మ ఏడ్చినంతసేపూ చెయ్యి వదల్లేదు. చివరికి ముసలమ్మ నుదుటి బొట్టు ఆకుపచ్చగా వెలిగింది.

"పాసైపోయావే!" తలుపుచాటు నుంచి చూస్తున్న భర్త కామేశం కేక పెట్టాడు.

మర్నాడు వార్డులో ఓ కొడుకు తలుపు దగ్గర నిలబడి, బయటికి రమ్మని హైమకి సైగ చేశాడు. మంచం మీద తల్లి కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తోంది. హైమ స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది.

తల్లి కళ్ళు తెరిచింది.