నిలబడిన అక్షరాలు

"ఏమప్పా, నీ అక్షరాలు ఎందుకట్లా ఉరుకుతాండాయి?"

కడపలో ఒక చిన్న కేబుల్ చానల్ ఆఫీసు. స్క్రోలింగ్ టైపు చేస్తున్న యేసుప్రసాద్ తలెత్తాడు. గుమ్మంలో చేతిసంచితో ఒక ముసలాయన. పేరు దావీదురాజు.

"స్క్రోలింగ్ అట్లే ఉరుకుతాది పెద్దాయనా."

"పేజీ మాదిరి నిలబెట్టు. జనం చదువుకుంటారు."

"నిలబెడితే ప్రకటనలు యాడ పెట్టాల?"

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు.

మరునాడు మళ్ళీ వచ్చాడు. ఆపైన రోజూ వచ్చాడు. ఒకరోజు ఒత్తు తెగిందని, ఒకరోజు రైలు టైం తప్పని.

రైల్వేలో గుమాస్తాగిరీ చేసి రిటైరైనట్టున్నాడు అనుకున్నాడు యేసుప్రసాద్. విసుక్కుంటూనే టీ తెప్పించేవాడు. టీవీలోకి అక్షరాలెలా వస్తాయో వివరంగా చెప్పేవాడు. ఆయన బుద్ధిగా వినేవాడు.

"ఎనభై అయిదులో ఢిల్లీలో ఇంటర్నెట్ లేకుండానే టీవీలోకి అక్షరాలు వచ్చేవి," అన్నాడోసారి దావీదురాజు. "టీవీకి ఒక డబ్బా తగిలించి పేజీ నంబరు నొక్కితే రైళ్ళ టైములు, వార్తలు, ఎండావానా. బొమ్మకూ బొమ్మకూ నడుమ కొన్ని గీతలు ఖాళీగా పోతాయి గదా, వాట్లో దాచి పంపేది."

"ఎవరో నీకు బాగా కోతలు కోసినారు పెద్దాయనా!"

ముసలాయన కూడా పకపకా నవ్వాడు.

నవంబరులో మూడు రోజులు వాన పట్టింది. నాలుగో రోజు పొద్దున దావీదురాజు తడిసి ముద్దయి వచ్చాడు.

"వంక పొంగుతాండాది. పెద్దక్షరాలతో నిలబెట్టప్పా. ఉరికేది ఎవురు చదువుతారు?"

ఆ గొంతులో కంగారు విని యేసుప్రసాద్ ప్రకటనలన్నీ తీసేశాడు. ఏ వీధులు ఖాళీ చెయ్యాలో, ఏ బడికి పోవాలో తెర నిండా నిలబెట్టాడు.

వంక పక్కనుండే రత్నమణికి చెవులు వినపడవు. ఇళ్ళు ఖాళీ చెయ్యమని మైకు ఆటో అరిచిపోయినా తెలియలేదు. టీవీలో చదివి, ఇద్దరు పిల్లల్నీ చంకనేసుకుని బడికి చేరింది. గంటలో ఆమె ఇంట్లో నడుము లోతు నీళ్ళు.

ఈ మాట ముసలాయనకు చెప్పాలని యేసుప్రసాద్‌కు ఒకటే ఆత్రం. తొమ్మిది రోజులు గడిచినా ఆయన రాలేదు.

పదో రోజు ఆయన కూతురు ఆరాధన వచ్చింది.

"నిమోనియా అన్నా. నాయన నిన్న పోయినాడు. తన చావు కబురు నీ చానల్లోనే వెయ్యమన్నాడు."

యేసుప్రసాద్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"రైల్వేలో చేసినాడు గదమ్మా... ఏమని రాయాల?"

"రైల్వే కాదన్నా. ఢిల్లీలో టీవీకి మొట్టమొదట అక్షరాల పేజీలు పంపిన ఇంజనీర్లలో మా నాయన ఒకడు."