ఎరడు

ఆ ముసలామె మళ్లీ వచ్చింది.

పోయిన వారం వచ్చి, నూనె డబ్బాలన్నీ తట్టి చూసి, పది ప్రశ్నలు వేసి, చుక్క నూనె కొనకుండా పోయిన మనిషే.

మంజునాథ్‌కు ఒళ్లు మండింది. అసలే ఈ రోజు అతని గానుగ పోతోంది.

హిందూపురంలో ఒక సందు చివర చిన్న అంగడి అతనిది. వెనక చెక్క గానుగ, ముందు నూనె డబ్బాలు. అతని వేరుశనగ నూనె కమ్మగా ఉంటుందని తిన్నవాళ్లంతా అంటారు. అనేవాళ్లు పదిమంది, కొనేవాళ్లు ఇద్దరు. ప్యాకెట్ నూనె చవగ్గా దొరుకుతుంటే గానుగ నూనె ఎవరిక్కావాలి?

"బెంగుళూరోళ్లకు కావాల. వెబ్‌సైటు పెట్టు," అంది భార్య రాణి.

పెట్టాడు. ధర్మవరంలో వెబ్‌సైట్లు తయారుచేసే బాలాజి చేసిచ్చాడు. నంబరుతో సహా వివరాలన్నీ మంజునాథ్ చేత రాణి ఫోన్లోనే చెప్పించుకున్నాడు. గానుగ తిరిగే వీడియో, నూనె ధార ఫొటో, కింద పచ్చటి బటన్: 'ఇప్పుడే ఫోన్ చేయండి.'

మంజునాథ్ దాన్ని రోజుకు పదిసార్లు తెరిచి మురిసిపోయాడు. నూనె ధార చూసుకున్నాడు, పక్కన నిలబడ్డ తన మీసం చూసుకున్నాడు. సొంత నంబరు ఎవడు చదువుకుంటాడు?

నాలుగు నెలలైంది. బెంగుళూరు నుంచి ఒక్క ఫోనూ రాలేదు.

స్నానానికి పోయినా ఫోన్ గుమ్మం దగ్గరే పెట్టుకునేవాడు. అది మోగితే చాలు, తడి ఒంటితోనే పరుగెత్తేవాడు. ఎత్తితే ఎవరో రాంగ్ నంబరు.

చివరికి కదిరి ఆసామి ఒకాయన గానుగ కొంటానన్నాడు. లారీ దారిలో ఉంది. రేపటి నుంచి మంజునాథ్ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. లోపల రాణి గానుగను తడిగుడ్డతో తుడుస్తోంది. అమ్మేసిన దాన్ని తుడవడం ఎందుకని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

"ఏమవ్వా, మళ్లా వస్తివి?" అన్నాడు ముసలామెతో.

"పెనుకొండ అవతల నుంచి వస్తాండా నాయనా. ఐదు లీటర్ల డబ్బా బెంగుళూరు దాకా పోతే ఒలకదా?"

"నీకెందుకు?"

"అడుగుతాండారు."

"ఎవరు?"

"ఎవరో నాయనా. పేర్లు నాకు నోరు తిరగవు. శెనక్కాయలు యాడివి అంటారు, మందులు కొట్టినారా అంటారు. నాకేం తెలుసు? అందుకే వస్తి."

మంజునాథ్ ఆమె చంకలోని ఖాళీ సంచి వైపు చూశాడు. అంతా అర్థమైందనుకున్నాడు.

"మేకలకు నూనె పిండిన చెక్క కావాలంటే నేరుగా అడుగు. ఈ నాటకం ఎందుకు? చెక్క కూడా అయిపోయింది."

ముసలామె నొచ్చుకోలేదు.

"చెక్క వద్దులే. నీ ఫోన్ నంబరు చెప్పు. అడిగేటోళ్లకు చెప్తా."

మంజునాథ్‌కు నవ్వొచ్చింది. ఏడుపు కంటే చేదుగా ఉంది ఆ నవ్వు.

"అడిగేటోళ్లా? నాలుగు నెల్లాయ, ఒక్కడు అడగలే. నంబరు వెబ్‌సైటులో ఉండాది. దేశమంతా చూస్తాండాది కదా, నువ్వూ చూసుకో పో."

సందు మొదట్లో లారీ హారన్ మోగింది.

"అంటే, ఈ నూనె ఇంక రాదా నాయనా?"

"రాదవ్వా. ఈ పొద్దుతో మూసేస్తాండా. పక్కకు జరుగు, లారీ వస్తాండాది."

ఆమె ఇంకేదో అనబోయి, అతని మొహం చూసి ఆగింది. బస్టాండు వైపు నడిచింది.

నలుగురు మనుషులు గానుగను ఊడబీకి లారీకెక్కించారు. లారీ పోయింది. అది ఉన్నచోట నేల మీద గుండ్రటి నూనె మరక మిగిలింది. రాణి ఆ మరక పక్కనే కూలబడింది.

మధ్యాహ్నం దాటాక రాణి ఫోన్ మోగింది. మంజునాథ్ ఎత్తాడు. బాలాజి.

"ఏమన్నా, ఫోన్లకు జవాబు చెప్పలేక సస్తాండావా? నీ సైటు చూపించి ఇంకో ఇద్దరికి చేస్తాండా."

"ఏం ఫోన్లు?"

"అదేందన్నా. నీ బటన్ నొక్కినోళ్లు రెండొందల మంది పైనే. నాకు ఈడ కనపడుతుంది కదా."

మంజునాథ్ గోడకు ఆనుకున్నాడు. "ఒక్కటీ రాలేదు బాలాజీ. నంబరు చదువు."

బాలాజి ఒక్కో అంకె చదివాడు. "ఆఖర్న ఏడు."

"ఏడు కాదు, ఎరడు."

"అదే కదన్నా, ఏడు."

"ఎరడప్పా. రెండు!"

మంజునాథ్‌కు ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు. అంకెలు మాత్రం ఏది ముందు నోటికొస్తే అది. హిందూపురంలో అది తప్పని ఎవరూ అనుకోరు. ధర్మవరం చెవికి మాత్రం కన్నడం రెండు తెలుగు ఏడులా వినబడింది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇక్కడ కరిచింది అతని నాలుకే.

చివర ఏడు పెట్టి, తన వెబ్‌సైటులోని నంబరుకు ఫోన్ చేశాడు.

రెండో రింగుకే ఎత్తారు. బస్సు చప్పుడు మధ్య, ఇందాక అంగట్లో విన్న గొంతే.

"గానుగ నూనెకేనా నాయనా? కనుక్కొని చెప్తా, రోంత ఓపిక పట్టండని నాలుగు నెల్ల నుంచి మీ అందరికీ చెప్తాంటి. మీరు చెప్పిన అంగడికే ఈ పొద్దు మళ్లా పోయి అడిగితి. మూసేసినాడంట పాపం, ఇంక ఎవరూ ఎదురుచూడొద్దండి."