వంశాలడిగే రాజమల్లు

"నీ తల్లి తల్లి ఎవరు? ముందుగాల అది చెప్పు!"

రాజమల్లు అరుపుకు ఆ ఇరుకు గదుల చాల్‌లో మూడో అంతస్తు దాకా తలుపులు తెరుచుకున్నాయి. పెళ్లి మాట్లాడడానికి వచ్చిన ప్రతీక్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. పక్కనే కూర్చున్న అతని తల్లి వజ్రమ్మ ముఖం కందగడ్డలా చేసుకుంది.

కామాటిపురా తెలుగువాళ్లకు ఈ తంతు కొత్త కాదు. రాజమల్లు తన కూతురు మనాలిని చూడడానికి వచ్చిన ప్రతివాణ్నీ ఇలాగే నిలదీస్తాడు. తాత ఎవరు, అమ్మమ్మది ఏ ఊరు, ఆ దిక్కు ఎవరైనా తాగి చచ్చారా, ఎవరైనా పెళ్లాన్ని వదిలి పారిపోయారా? ఎక్కడో ఓ చోట తప్పు దొరుకుతుంది. దొరక్కపోతే తానే పుట్టిస్తాడు. అంతే, నడవండి బయటికి! చంకలో పసిపిల్ల మనాలితో వర్లి నుంచి ఈ చాల్‌కు వచ్చిన నాటి నుంచీ అతని నోరు ఇంతే.

వెధవ అలవాటు. వంశం చూసి వెలకట్టే రేసు గుర్రాల దగ్గర పట్టుకుంది. మహాలక్ష్మి రేసుకోర్సులో ఏళ్ల తరబడి గుర్రాలను కడిగాడు, మాలిష్ చేశాడు. ఇప్పుడు ఓ రైడింగ్ క్లబ్బులో ఉన్నాడు. పరుగు తగ్గిన రేసు గుర్రాలు అక్కడికి వస్తాయి. మనుషుల్ని నెమ్మదిగా మోయడం, అడ్డంగా పెట్టిన కర్రల మీంచి దూకడం వాటికి నేర్పుతారు. ఏది దూకుతుందో ఏది మొరాయిస్తుందో రాజమల్లు దాని తల్లినీ అమ్మమ్మనూ తలుచుకుని చెప్పేస్తాడు.

"షంషేర్ తల్లి రేసుల గేటు కాడ అడ్డం తిరుగుతుండె. వీడు కర్ర కాడ తిరుగుతడు, రాసిపెట్టుకో" అంటాడు. షంషేర్ గాలిలో తేలినట్టు దూకుతుంది. "తండ్రి దిక్కు రక్తం" అంటాడు. తప్పు ఒప్పుకుంటే గదా!

ఆ క్లబ్బులోనే గుర్రాలకు దూకడం నేర్పేవాడు ప్రతీక్. మనాలి గ్రాంట్ రోడ్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. సెలవునాడు తండ్రికి అన్నం డబ్బా తీసుకెళ్లి తీసుకెళ్లి ఇతని మీద మనసు పారేసుకుంది. చేసుకుంటే ఇతన్నే, లేదా ఇలాగే ఉండిపోతానని తండ్రి మొహం మీదే చెప్పింది. వచ్చిన సంబంధాలన్నీ చెడగొట్టిన తండ్రికి ఇంకెలా చెప్పాలి?

ప్రతీక్ ఓపిగ్గా అన్నీ చెప్పాడు. ముత్తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చాడు. తాతదీ అదే పని. తండ్రి మున్సిపాలిటీలో చేసి పోయాడు.

"నీ తాత తాగుతుండె."

"పండుగ నాడు తాగేటోడు కాకా. ఎవరు తాగరు?"

"గదే! రక్తంల ఉన్నది యాడికి పోతది? నడువుండ్రి."

ప్రతీక్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. అతనికీ తిక్క రేగింది.

"రక్తం, రక్తం! మరి మైనా సంగతేంది కాకా? దాని తల్లెవరో నీకెరుకనా? దాని లెక్క దూకేది మన క్లబ్బుల ఇంకొకటున్నదా?"

క్లబ్బులో రేసుల నుంచి రాని గుర్రం మైనా ఒక్కటే. అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

"దాని పేరెత్తితివా, పండ్లు రాలగొడ్త!"

రాజమల్లు చేతికందిన చెంబు విసిరాడు. అది గోడకు తగిలి, మేకుకు వేలాడే ఉలవల సంచిని కింద పడేసింది. మరుక్షణం తనే ఉరికి, సంచి దులిపి, మళ్లీ మేకుకు తగిలించాడు. చిరుగుల సంచి. మనాలి ఎన్నిసార్లు పారేస్తానన్నా ఒప్పుకోడు.

వజ్రమ్మ కొంగు బిగించి లేచింది.

"బస్, అయిందా అన్నా? మా వాళ్లందరిని తవ్విపోసినవ్. ఇగ నేనడుగుత. నీ పిల్లది చెప్పు. అటు దిక్కు ఎవరు, ఇటు దిక్కు ఎవరు, ఎవరెట్ల బతికిండ్రు? ఒక్కటి ఇడువకుండ చెప్పు!"

అడిగే హక్కు ఆమెకుంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. రాజమల్లు తిట్లకు తట్టుకుని అందాకా నిలిచినవాళ్లు లేరు.

రాజమల్లు వంగి, తాను విసిరిన చెంబును ఏరుకున్నాడు. వంటింటి గడప దగ్గర అతని భార్య తారాబాయి చేతిలో పళ్లెం పక్కన పెట్టేసింది.

లోపల ఉడికిపోతున్న మనాలి ఇక ఆగలేకపోయింది. పరదా లాగిపారేసి బయటికి వచ్చింది.

"నా గురించి ఏమడుగుతవ్ అత్తా? చూస్తె తెలుస్తలేదా? ఈ మొండితనం చూడు, ఈ నోరు చూడు. అంత ఈయనదే!" తండ్రి వైపు తిరిగింది. "నాయినా, నాల ఉన్నది నీ రక్తమే. నువ్వు ఒద్దన్నకొద్ది నేను జేసుకుంట. ఏం జేస్తవో జెయ్!"

వరండాలో జనం గొల్లున నవ్వారు. "అచ్చం రాజమల్లే!" అన్నారెవరో. వజ్రమ్మకు కూడా నవ్వు ఆగలేదు. ఆమె అడిగిన ప్రశ్న ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

రాజమల్లు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కోపం ఎటుపోయిందో ఏమో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లుంగీ కొసతో మొహం తుడుచుకుని ప్రతీక్‌ను దగ్గరికి పిలిచాడు.

"తీస్కపో బిడ్డా. ముహూర్తం పెట్టుకోండ్రి. ఇగ నేను మిమ్ముల అడగ, మీరు నన్ను అడగొద్దు."

చాయ్ మళ్లీ పొయ్యి మీదికి ఎక్కింది. అంత మొండివాడు ఇట్టే ఎలా మెత్తబడ్డాడని జనం బుగ్గలు నొక్కుకున్నారు.

తారాబాయి మాత్రం మేకుకున్న ఉలవల సంచినే చూస్తూ నిలబడింది. పాతికేళ్ల కింద ఓ పొద్దున, మహాలక్ష్మి స్టేషన్ బెంచీ కింద ఎవరో వదిలేసిపోతే, బొడ్డు కూడా ఊడని పసిగుడ్డుగా ఏడుస్తున్న మనాలిని రాజమల్లు ఆ సంచిలోనే ఇంటికి తెచ్చాడు.