సత్యభామ జడకు సవాలు

అచ్చంపేట దొర ఉండే గడి ముందు, భాగోతం ఆటకు ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. దాని వెనక నుంచి సత్యభామ వేషగాడు పొడుగాటి జడను ఇవతలికి వేశాడు. పాటలోనో మాటలోనో తనను గెలిచినవాళ్లు దాన్ని కోయొచ్చని సవాలు. జడ తెగితే మేళం పరువు పోయినట్టే.

గొర్రెలు కాసే ఐలేశం, నడుముకున్న బొచ్చు కత్తెర తీసి లేచాడు.

"కూసో. నీకు పాటొస్తదా, మాటొస్తదా?" అంది భార్య బక్కమ్మ. అప్పటిదాకా ఆమె చూపంతా ఆ జడ మీదే ఉంది. "పోతే పో గని, గా జడకు ఏం నూనె పెడ్తదో అడిగి రా."

ఐలేశం జడను వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. తెర వెనక గజ్జెల చప్పుడు ఆగిపోయింది.

అతను కత్తెర మళ్లీ నడుముకు దోపుకుని దండం పెట్టాడు. "నువ్వే గెల్సినవ్ తల్లీ."

జనమంతా నవ్వారు. తిరిగొచ్చి కూర్చున్న మొగుణ్ని బక్కమ్మ మోచేత్తో పొడిచింది. "ఉన్న ఇజ్జత్ తీసినవ్. నూనె సంగతన్న అడిగినవా?"

ఐలేశం ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నూనె లేదు, ఏం లేదు. గది మన నల్లగొర్రె బొచ్చు. పోయిన నెల నేనే కోసిన. ఒక్క బొచ్చును రెండుపార్లు ఎవడు కోస్తడే?"