టిల్లీ పరుగు

సాక్ష్యం చెప్పనని హెస్టర్ వారం రోజులు మొండికేసింది.

“పాప బొమ్మను పదిమంది ముందు ఆడించడం నాకిష్టం లేదు,” అంది.

మొగుడు జేబెజ్ ఆమెను తప్పుపట్టలేదు. పదేళ్ళుగా ప్రతి ఆదివారం ప్రార్థన నుంచి రాగానే అతను గోడకు దుప్పటి కట్టి, మర తిప్పి, ఆ కదిలే బొమ్మ వేసుకుని చూస్తాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోతుంది. కన్నతల్లి, తట్టుకోలేదు అనుకునేవాడు.

“ఈ ఒక్కసారికి రావే. నేను కన్నుమూసేలోగా కనిపెట్టింది నేనేనని ఒక్కడైనా ఒప్పుకోవాలి.”

ఆ మాటకు ఆమె కాదనలేకపోయింది.

ఆ ఉదయం లీడ్స్ కోర్టు కిక్కిరిసింది. కదిలే బొమ్మలు కనిపెట్టింది తామేనని లండన్ కంపెనీ ఒకటి పేటెంట్ చేతబట్టుకుని ఊరూరా చాటుతోంది. వాళ్ళకంటే రెండేళ్ళ ముందే తీశానని జేబెజ్ దావా వేశాడు.

“మగ్గాలు బాగుచేసుకునేవాడికి ఈ బొమ్మలాటెందుకురా?” వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

“వాడు బాగుచేసిన మగ్గాన్ని నువ్వు చూడలేదులే. అదీ ఆడదు!”

కిటికీలకు తెరలు దించారు. జేబెజ్ తనే మర తిప్పాడు. తెల్లగుడ్డ మీద గళ్ళ గౌను వేసుకున్న ఆరేళ్ళ పిల్ల, ముఖం మీదికి జారుతున్న టోపీని రెండు చేతులా పట్టుకుని, పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తింది. మూడు క్షణాలు. అంతే.

వెక్కిరించినవాళ్ళే లేచి నిలబడి చూశారు.

కంపెనీ లాయరు లేచాడు. “ముచ్చటగా ఉంది. మరి తేదీ ఏదీ? నిన్న తీసి ఇవాళ తెచ్చినా మాకెలా తెలుస్తుంది?”

“ఆ పాపే తేదీ,” అన్నాడు జేబెజ్ లాయరు. “వీళ్ళ టిల్లీ. గొంతు జబ్బుతో 1889 అక్టోబరులో పోయింది. సమాధి రాయి మీద ఉంది, వెళ్ళి చదువుకోండి. పోయిన పిల్లను ఆ తర్వాత పరుగెత్తించడం ఎవరి తరం?”

జడ్జి తల ఊపాడు.

హెస్టర్ బోనెక్కింది. ప్రమాణం అయిపోయినా బైబిలు మీద చెయ్యి తియ్యలేదు.

“మీవారి దగ్గర మీరేం చేసేవారమ్మా?” అడిగాడు లాయరు.

“ఫిల్ముకు మందు పూసేదాన్నండీ. కొత్తది కొనే స్తోమత ఎక్కడిది? అక్కర్లేని ఫిల్ము చుట్టలు బట్టల సోడా నీళ్ళలో కడిగి, బొమ్మ పోగొట్టి, మళ్ళీ పూసేదాన్ని. ఆయన ఊళ్ళో లేనప్పుడు బొమ్మ తీసే మర కూడా నేనే తిప్పేదాన్ని.”

“అయితే ఆయన తీసిన మొదటి బొమ్మ మీకు తెలుసు.”

“తెలుసు. పాప పోయిన ఏడు, వేసవిలో టిల్లీనే తీశారు. కళ్ళారా చూశాను. అందరికంటే ముందు ఆయనే. దేవుడి మీద ఒట్టు.”

జేబెజ్ కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇక ఒక్క మాట చాలమ్మా. ఇందాక మేం చూసిన పాప మీ టిల్లీయే కదా?”

హెస్టర్ జడ్జి వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

“కాదండీ, టిల్లీ ఉన్న చుట్టను పాతవాటితో కలిపి నా చేతులతో నేనే కడిగేశాను, పాప పోయాక ఈయన దానికోసం ఇల్లంతా వెతుకుతుంటే చెప్పే ధైర్యం లేక, పక్కింటి పిల్లకు టిల్లీ గౌను తొడిగి ఈ బొమ్మ నేనే తీశాను.”